యాంటీబయాటిక్ సిరప్ మూడో రోజు నుంచి ఉమ్మేస్తోంది, ఏం చేయాలి?

మహదేవపుర_అమ్మ:
అందరికీ నమస్తే. పాపకి 2 ఏళ్ళ 8 నెలలు, బరువు 12 కిలోలు. చెవిలో ఇన్ఫెక్షన్ అని డాక్టరు గారు అమాక్సిసిలిన్, క్లావులనేట్ కలిసిన డ్రై సిరప్ (నీళ్ళు పోసి కలుపుకునే పొడి మందు) రాశారు. 5 మి.లీ. కి 228.5 మి.గ్రా. ఉండేది, పూటకి 5 మి.లీ., రోజుకి రెండు పూటలు, 7 రోజులు. జ్వరం ఉంటే పారాసిటమాల్. మొదటి రెండు రోజులు మొహం చిట్లించుకుంటూనే తాగేసింది. మూడో రోజు పొద్దున్నుంచి సీసా కనబడితే చాలు, పళ్ళు బిగబట్టేస్తోంది. ఒకరు చేతులు పట్టుకుని, ఇంకొకరు ముక్కు మూసి మూతతో పోస్తున్నాం. సగం గౌను మీదే పోతోంది. రాత్రి పాలసీసాలో కలిపి ఇస్తే రెండు గుక్కలు తాగి పడేసింది, ఇవాళ మామూలు పాలు కూడా అనుమానంగా చూస్తోంది. ఊరి నుంచి వచ్చిన మా అత్తగారు కాళ్ళ మీద పడుకోబెట్టి ఉగ్గుగిన్నెతో పోస్తే రెండు నిమిషాల పని అంటున్నారు. అలా పోయొచ్చా? ఇంకా నాలుగు రోజులకు పైనే మిగిలింది. మందు ఆపకుండా ఎలా పట్టించాలో చెప్పండి.

మందులకొట్టు_మనిషి:
ముందు పాప సంగతి కాదండీ, సీసా సంగతి చూద్దాం. ఇది సాధారణంగా 30 మి.లీ. సీసాలో వస్తుంది. రోజుకి 10 మి.లీ. చొప్పున సరిగ్గా మూడు రోజులకి అయిపోతుంది. అంటే మీ పాప మొండికేసింది సీసా అడుగు మందు దగ్గర. ఇది కాకతాళీయం కాకపోవచ్చు.

ఈ పొడి నీళ్ళలో పంచదారలా కరగదు, తేలుతూ ఉంటుంది. రాగి అంబలి గిన్నెలో వదిలేస్తే పైన తేట, అడుగున ముద్ద అవుతుంది చూడండి, అచ్చం అలాగే. సరిగ్గా కలపకుండా పోస్తే మొదటి రెండు రోజులు పైనున్న పలచటి, తియ్యటి నీళ్ళు వెళ్తాయి. మూడో రోజు చిక్కగా, చేదుగా, నాలుక మీద సున్నంలా అంటుకునే మందు వస్తుంది. రుచి ఒక్కటే అయితే పరవాలేదు. ముందు డోసులు తక్కువ, చివరి డోసులు ఎక్కువ అయిపోతాయి, అదీ అసలు నష్టం. సీసాని వెలుతురుకి పెట్టి అడుగు చూడండి. తెల్లటి ముద్ద అంటుకుని ఉంటే ఇదే కారణం. మీ దగ్గర ఇప్పటికే అలా అయి ఉంటే డాక్టరుకి ఆ మాట కూడా చెప్పండి.

రెండో సీసా కలిపేటప్పుడు ఇలా చేయండి. నీళ్ళు పోయకముందే సీసాని అరచేతికి తట్టి, గడ్డకట్టిన పొడిని విడగొట్టాలి. కాచి పూర్తిగా చల్లార్చిన నీళ్ళు, లేదా డబ్బాలో వచ్చిన నీళ్ళ గొట్టం వాడండి. వేడి నీళ్ళు పోస్తే మందు పాడవుతుంది. సీసా మీదున్న గీతకి సగం దాకా పోసి, మూత పెట్టి బాగా ఊపాలి. నురుగు అణిగేదాకా ఆగి, అప్పుడు గీత దాకా నింపి మళ్ళీ ఊపాలి. నురుగుని చూసి గీత వచ్చేసిందనుకోవడమే ఎక్కువమంది చేసే పొరపాటు. నురుగు దిగాక మందు గీత కింద ఉండిపోతుంది, అంటే ప్రతి డోసూ చిక్కనే. గీత దాటి పోస్తే ప్రతి డోసూ పలచనే.

కలిపిన తేదీ పెన్నుతో లేబుల్ మీద రాయండి. ఫ్రిజ్‌లో మామూలు అరలో పెట్టండి, పైన ఫ్రీజర్‌లో కాదు. కలిపిన 7 రోజుల తర్వాత వాడకూడదు. అందుకే రెండు సీసాలు ఒకేసారి కలిపి పెట్టుకోవద్దు. పోసే ప్రతిసారీ తలకిందులు చేస్తూ పది పదిహేనుసార్లు ఊపండి. ఫ్రిజ్‌లోంచి తీసిన మందు అడుగున ఇంకా గట్టిగా పట్టి ఉంటుంది, కాస్త ఎక్కువే ఊపాలి.

డాక్టరుని అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. ఇదే మందు 5 మి.లీ. కి 457 మి.గ్రా. ఉండేది కూడా దొరుకుతుంది. అందులో 2.5 మి.లీ. మీ 5 మి.లీ. కి సమానం, ఎందుకంటే రెండింటిలోనూ రెండు మందుల నిష్పత్తి ఒకటే: ఇందులో 200 మి.గ్రా. అమాక్సిసిలిన్‌కి 28.5 క్లావులనేట్, అందులో 400కి 57. పాపకి సగం గుక్క తగ్గుతుంది. కానీ మీ అంతట మీరు మార్చకండి, కొట్టువాడు మార్చినా ఒప్పుకోకండి, ఫోన్ చేసి రాయించుకోండి. 156.25 అని ఇంకొకటి ఉంటుంది, దాని నిష్పత్తి వేరు. దాంతో ఈ లెక్క కుదరదు.

పారాసిటమాల్ దగ్గర కూడా ఇదే జాగ్రత్త. పూటకి కిలోకి 10 నుంచి 15 మి.గ్రా. లెక్కన 12 కిలోలకి 120 నుంచి 180. మధ్యలో 150 మి.గ్రా. అనుకుంటే, అది 5 మి.లీ. కి 250 మి.గ్రా. ఉండే సిరప్‌లో 3 మి.లీ., 5 మి.లీ. కి 120 ఉండే సిరప్‌లో 6 మి.లీ. పైన, చుక్కల మందులో 1.5 మి.లీ. మాత్రమే, ఎందుకంటే ఆ చిన్న సీసాలో ఒక్క మి.లీ. కే 100 మి.గ్రా. ఉంటుంది. ఇంట్లో ఈ మూడూ పక్కపక్కన ఉంటే అర్ధరాత్రి తప్పు జరగడం ఎంతసేపు? మీకు రాసిన ఒక్కటే బయట పెట్టండి, మిగతావి లోపల పెట్టేయండి.

పిల్లల_వార్డు_సిస్టర్:
పైన చెప్పినదంతా కరెక్టు. ఇక పోసే పద్ధతి గురించి. ముక్కు మూయడం ఈ పూట నుంచే మానేయండి. ముక్కు మూస్తే పాప గాలి కోసం నోరు తెరిచి గట్టిగా లోపలికి పీలుస్తుంది. నోట్లో ఉన్న మందు ఆ గాలితోపాటు ఊపిరితిత్తుల వైపు వెళ్ళే ప్రమాదం ఉంది. వెక్కివెక్కి ఏడుస్తున్నప్పుడు పోయకూడదనేదీ అందుకే, పడుకోబెట్టి పోయకూడదనేదీ అందుకే. మీ అత్తగారికి ఉగ్గుగిన్నె తప్పని చెప్పకండి, పడుకోబెట్టడమే తప్పు. గిన్నె ఆవిడ చేతికే ఇవ్వండి, మందు అయ్యాక పాపకి కూర్చోబెట్టి నీళ్ళు పట్టించే పని ఆవిడది.

మూత మానేసి 5 మి.లీ. సిరంజి తెచ్చుకోండి. మీ బెంగళూరు మెడికల్ షాపులో కన్నడలో "సూజి బేడ, బరీ సిరింజ్ కొడి" (సూది వద్దు, ఉత్త సిరంజి ఇవ్వండి) అంటే సూది లేకుండా ఇస్తారు. మందు సీసాల వెంట వచ్చే నోటి సిరంజి దొరికితే ఇంకా మంచిది. మామూలు సిరంజి కొనకి చిన్న మూత ఉంటే దాన్ని ఇంటికి తెచ్చిన వెంటనే పారేయండి. పోసేటప్పుడు అది ఊడి గొంతులో పడితే ప్రాణం మీదికి వస్తుంది. మందు లాగాక కొన పైకి పెట్టి వేలితో తట్టి బుడగలు బయటికి పంపి, నల్ల రబ్బరు పై అంచు గీత మీదికి వచ్చిందో లేదో కంటికి ఎదురుగా పెట్టి చూడండి. ఇంట్లో చెంచాలు కొలతకి పనికిరావు, ఒక్కో ఇంటి చెంచా ఒక్కో సైజు.

పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకోండి, దాని వీపు మీ పొట్టకి ఆని ఉండాలి. పాప ఒక చేతిని మీ చంక కిందుగా వెనక్కి పంపండి, రెండో చేతిని మీ ఎడమ చేత్తో పట్టుకోండి. తల నిటారుగా ఉండాలి, వెనక్కి వంచకూడదు. సిరంజి కొన పెదాల మూల నుంచి దూర్చి, బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టండి. పళ్ళు బిగించినా ఆ సందు ఉంటుంది. గొంతు వైపు గురిపెట్టకూడదు. ఒక్కసారికి ఒక మి.లీ. లోపే నొక్కి ఆగండి. గుటక పడిందా లేదా అని గొంతు చూస్తే తెలుస్తుంది. గుటక పడ్డాకే రెండోది. 5 మి.లీ. కి అయిదారు గుటకలు, మొత్తం మీద నిమిషం పని. ఒక్కసారిగా నొక్కేస్తే దగ్గు, వాంతి, మళ్ళీ మొదటికి.

చేదు తగ్గించడానికి చల్లదనం బాగా పనిచేస్తుంది. మందుకి ముందు చల్లటి పెరుగు ఒక చెంచా, లేదా ఐస్ ముక్కతో చల్లబరిచిన నీళ్ళు ఒక గుక్క ఇవ్వండి. తర్వాత వెంటనే మెత్తగా నలిపిన అరటిపండు ఇవ్వండి. బెల్లం పాకంలోనో అరటిపండులోనో కలపదలచుకుంటే ఒక్క చెంచాలో, అప్పటికప్పుడు కలిపి, ఆ చెంచా మొత్తం తినిపించాలి. గిన్నెడు పెరుగన్నంలో, సీసాడు పాలలో కలిపితే సగం వదిలేసినప్పుడు ఎంత మందు వెళ్ళిందో ఎవరికీ తెలియదు. పాలూ అన్నమూ కూడా చేదు అనే అనుమానం మిగులుతుంది. మీ ఇంట్లో అదే జరిగింది. పాలసీసాని కొన్నాళ్ళు మందు కనబడే చోటుకి దూరంగా ఉంచండి.

ఈ మందు భోజనం మొదట్లో ఇస్తే కడుపులో తిప్పడం తక్కువ, క్లావులనేట్ ఒంటికి బాగా పడుతుంది. కాబట్టి పొద్దున టిఫిన్‌కీ రాత్రి అన్నానికీ మొదటి ముద్ద ముందు పెట్టుకోండి. విరేచనాలు కాస్త పలచబడటం మామూలే. బాగా ఎక్కువైతే, దద్దుర్లు వస్తే వెంటనే ఆసుపత్రికి.

తియ్యటి_మాట:
నెలల పిల్లలకైనా తేనెలో రంగరించి ఇస్తే చేదు తెలియదండీ. లేదంటే చాక్లెట్ అని చెప్పి ఇచ్చేయండి, మూడేళ్ళ పిల్లకి ఏం తెలుస్తుంది?

ఆటబడి_టీచర్:
తేనె ఏడాది లోపు పిల్లలకి అస్సలు వద్దు, అందులో ఉండగల సూక్ష్మజీవుల బీజాల వల్ల బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. ఈ పాపకి ఏడాది దాటింది కాబట్టి అర చెంచా పరవాలేదు.

చాక్లెట్ మాట మాత్రం వద్దండీ. మందు చాక్లెట్ అని నమ్మిన పిల్ల, ఎవరూ చూడనప్పుడు స్టూలు ఎక్కి ఆ సీసా తీసుకుని తాగేస్తుంది. స్ట్రాబెర్రీ వాసన వేసే పారాసిటమాల్‌తో ఇది చాలా ప్రమాదం. "ఇది మందు, చెవి నొప్పికి, కొంచెం చేదు, తర్వాత అరటిపండు" అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

"మందు తాగుతావా?" అని అడగొద్దు. ఆ ప్రశ్నకి ఆ వయసులో ఒకటే జవాబు. "నీలం గ్లాసులో నీళ్ళా, స్టీలు గ్లాసులో నీళ్ళా?", "అమ్మ ఒళ్ళోనా, నాన్న ఒళ్ళోనా?" అని అడగండి. రెండింటిలో ఏది చెప్పినా మందు పడుతుంది. మందు లేని సమయంలో ఖాళీ సిరంజి నీళ్ళతో ఇచ్చి బొమ్మకి పోయనివ్వండి, మీ నోట్లోనూ పోయనివ్వండి. సిరంజి అంటే భయం సగం అక్కడే పోతుంది. పోసేటప్పుడు ఒకటి, రెండు, మూడు అని గుటకలు లెక్కపెట్టండి, ఎన్నింటికి అయిపోతుందో తెలిస్తే పిల్లలు ఓర్చుకుంటారు. బతిమాలడం అయిదు నిమిషాలు దాటనివ్వొద్దు. కుదరకపోతే సీసా తీసేసి, పావుగంట ఏమీ జరగనట్టు ఉండి, ఇంకొకరు ప్రయత్నించాలి. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరితే అది యుద్ధమవుతుంది. అత్తగారు, మామగారు అప్పుడు బాల్కనీలో ఉంటే మేలు.

మహదేవపుర_అమ్మ:
చాలా థాంక్స్. సీసా అడుగున నిజంగానే తెల్లటి ముద్ద ఉంది! మేము ఒకటి రెండుసార్లు ఊపి పోసేస్తున్నాం. ఇంకో రెండు సందేహాలు. ఉమ్మేసినా, వాంతి చేసుకున్నా మళ్ళీ మొత్తం ఇవ్వాలా? పోయినసారి జలుబుకి కొన్న దగ్గు సిరప్ సగం ఉంది. దానికి మంచి రుచి, అది కూడా ఇస్తే నిద్రపోతుందేమో అని మా ఇంట్లో అంటున్నారు.

పిల్లల_వార్డు_సిస్టర్:
దగ్గు సిరప్ వద్దు. 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ కూడా చెప్పింది: రెండేళ్ళ లోపు పిల్లలకి దగ్గు, జలుబు మందులు రాయకూడదు, ఇవ్వకూడదు, అయిదేళ్ళ లోపు వారికి సాధారణంగా వాడకూడదు అని. నిద్ర కోసం మందు ఇవ్వడం అసలే కాదు. మిగిలిన ఆ సీసా పారేయండి.

వాంతి గురించి చెప్పాలంటే, మందు పడిన 15 నిమిషాల లోపు మొత్తం బయటికి వచ్చేస్తే ఒక్కసారి మళ్ళీ ఇవ్వొచ్చు. అరగంట దాటితే ఇవ్వక్కర్లేదు. ఆ మధ్యలో అయితే డాక్టరుకి ఫోన్ చేయండి. రెండోసారి ఇచ్చింది కూడా వాంతి అయితే ఇక ఆపి ఫోన్ చేయాల్సిందే. కొంచెం ఉమ్మి కొంచెం మింగితే అంచనా వేసి నింపొద్దు, తర్వాతి పూట వేళకి ఇవ్వండి. ముఖ్యంగా పారాసిటమాల్ విషయంలో అంచనాలు వద్దు. అది నోటి ద్వారా నిలవకపోతే మలద్వారంలో పెట్టే బిళ్ళ ఉంటుంది, డాక్టరు రాస్తారు. కానీ అదీ పారాసిటమాలే, సిరప్‌తో కలిపి లెక్కలోకి వస్తుంది.

ఒక పూట మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు ఇవ్వండి, రెండు పూటలది ఒకేసారి వద్దు. వరసగా రెండు డోసులు కడుపులో నిలవకపోయినా, ఎనిమిది గంటలు ఒంటికి పోకపోయినా, చెవి వెనక వాచినా పొద్దుటి దాకా ఆగకండి.

మందులకొట్టు_మనిషి:
ఒక్క మాట మిగిలింది. మీకు 7 రోజులకి కావలసింది 70 మి.లీ., సీసాలు మూడు కలిపితే 90. మూడో దాన్లో 20 మి.లీ. మిగులుతుంది. వచ్చే నెల చెవిపోటుకి పనికొస్తుందని ఫ్రిజ్‌లో దాచకండి, ఏడు రోజులు దాటితే దాని బలం ఎంతుందో చెప్పలేం. 457 కి మారితే మాత్రం కొత్త లెక్క: రోజుకి 5 మి.లీ., కాబట్టి 30 మి.లీ. సీసా ఆరు రోజులు వస్తుంది.

ఇక ఆ అడుగున ముద్ద కట్టిన సీసాని ఊపి పోసేద్దామని అనుకోవద్దు. మిగిలిన మందు ఎంత చిక్కనో తెలియదు. దాన్ని వదిలేసి ఈ రాత్రి డోసు కొత్త సీసా నుంచి మొదలుపెట్టండి, డాక్టరుకి చెప్పి.