ఇంట్లో స్విమ్మింగ్ పూల్, మూడేళ్ల పాప: ముందుగా ఏం పెట్టించాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మేము కొత్తగా మారిన ఇంటి పెరట్లో పూల్ ఉంది. మొన్న బట్టలు మడతపెడుతూ తలెత్తి చూస్తే వెనక తలుపు తెరిచి ఉంది. మా పాప పూల్ అంచున కూర్చుని, కాళ్లు నీళ్లలో పెట్టి, తేలుతున్న ఆకులు ఏరుతోంది. పిలిస్తే ఉలిక్కిపడి జారుతుందేమోనని చప్పుడు చేయకుండా వెళ్లి ఎత్తుకున్నాను. అప్పటినుంచి నాకు ఒకటే టెన్షన్. నీళ్లలో పడితే మోగే అలారం, గాలి ఊదే చేతిపట్టీలు, పూల్ మీద పరిచే బబుల్ కవర్ కొందామని మావారు అంటున్నారు. ఇవి సరిపోతాయా?

జవాబు

అమ్మా, నేను పదకొండేళ్లుగా చిన్నపిల్లలకి ఈత నేర్పుతున్నాను. మీరు పిలవకుండా వెళ్లడం చాలా మంచి పని. మీరు రాసిన మూడింటిలో రెండు మాత్రం వద్దు.

చేతిపట్టీలు ఆటవస్తువులు. గాలి పోతుంది, చేతుల్లోంచి జారిపోతాయి. పైగా నీళ్లలో తేలుతాననే ధైర్యం పాపకి అలవాటై, అవి లేని రోజు కూడా దిగుతుంది. బబుల్ కవర్ నీళ్ల వేడి పోకుండా ఉండటానికి. దాని మీద అడుగు పడితే మనిషితో సహా కిందికి కుంగుతుంది, పైన మళ్లీ పరుచుకుంటుంది. కింద ఎవరున్నారో కనిపించదు. మనిషి బరువు మోసేలా చుట్టూ నేలకి బిగించే సేఫ్టీ కవర్ వేరే ఉంటుంది.

అలారం పెట్టుకోండి, కానీ అది మోగేసరికి పాప నీళ్లలో ఉంటుంది. ముందు కావాల్సింది కంచె, అదీ నాలుగు వైపులా. చాలామంది మూడు వైపులా వేసి, నాలుగో వైపు ఇంటి గోడ ఉందిగా అంటారు. మీ పాప వెళ్లింది ఆ ఇంటివైపు నుంచే కదా. ఎత్తు కనీసం 4 అడుగులు ఉండాలి, చువ్వల మధ్య సందు 4 అంగుళాలకి లోపే ఉండాలి. దగ్గర్లో ఎక్కడానికి కుర్చీ, కుండీ ఏవీ ఉండకూడదు.

గేటు పూల్ వైపు కాకుండా బయటికి తెరుచుకోవాలి, వదిలితే దానంతటదే మూసుకుని గడియ పడాలి. దాన్ని బార్లా తెరిచి వదిలి చూస్తే సరిపోదు, ఆ ఊపుకి ఎలాగైనా పడుతుంది. అరచేతి వెడల్పు మాత్రమే తెరిచి వదలండి. స్ప్రింగ్ వదులైతే గడియ దాకా వచ్చి ఆగిపోతుంది. దూరం నుంచి చూస్తే మూసినట్టే ఉంటుంది. నేను ఎవరింటికి నేర్పడానికి వెళ్లినా ముందు చూసేది అదే.

ఇంకో మాట. మునుగుతున్న పిల్లలు చాలాసార్లు అరవలేరు, ఊపిరి తీసుకోవడానికే నోరు చాలదు. చప్పుడు వినిపిస్తుందిలే అని ఉండొద్దు.

ప్రశ్న అడిగినవారు

అరుస్తుందనే అనుకున్నానండీ, చదువుతుంటే చేతులు చల్లబడ్డాయి. కంచె అయ్యేదాకా ఏం చేయమంటారు?

జవాబు

వెనక తలుపుకి పాపకి అందనంత ఎత్తులో గడియ, తెరిస్తే మోగే అలారం ఈరోజే పెట్టించండి. బొమ్మలు నీళ్లలో వదలకండి. ఆకులు కూడా రోజూ తీసేయండి, మొన్న తనని పిలిచింది అవే.

మరొకరి జవాబు

పూల్ అడుగున, పంపు నీళ్లు లాగే రంధ్రం మీద ఉండే డ్రెయిన్ మూత కూడా చూడండి. పగిలినా, స్క్రూ ఊడినా పంపు ఆపేసి, మార్చేదాకా ఎవరినీ దిగనివ్వకండి. ఆ లాగుడుకి జుట్టు చిక్కుకుంటే పెద్దవాళ్లే బయటపడలేరు. పంపు స్విచ్ ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలియాలి. గట్టునే పొడవాటి కొక్కెం కర్ర, తాడు కట్టిన రింగు ఉంచండి. వాటికి తాళం వేసి గదిలో పెడితే ప్రయోజనం లేదు.

ఇంకొకరు

మీరిద్దరూ సీపీఆర్, అంటే ఊపిరి, గుండె ఆగినవాళ్లకి వెంటనే చేసే ప్రథమ చికిత్స నేర్చుకోండి. నీట మునిగినవాళ్లకి ఛాతీ నొక్కడం ఒక్కటే చాలదు, నోటితో ఊపిరి కూడా ఇవ్వాలి. అది చదివితే వచ్చేది కాదు, బొమ్మ మీద చేసి చూడాలి.

ప్రశ్న అడిగినవారు

బబుల్ కవర్, పట్టీలు కొనడం లేదు. తలుపుకి పైన గడియ పెట్టించాం. కంచె వేసే ఆయన రేపు కొలతలకి వస్తున్నారు. గేటు బిగించాక అరచేతి వెడల్పు తెరిచి, ఆయన ఉండగానే వదిలి చూస్తాను.