నౌసికా: సినిమా చూసినంక మాంగా కొనుడు అవసరమా?

మునుగోడు పోరడు: జపాన్ డైరెక్టర్ మియాజాకి తీసిన బొమ్మల సినిమా నౌసికా చూసిన. లోతు బావి నీళ్లు పోసి పెంచితే విషపు అడవి మొక్కలు కూడా విషం లేకుండా పెరిగే సీను ఉంది కదా, అక్కడ ఆపి మళ్లీ చూసిన. మా నాయనమ్మది ఫ్లోరైడ్ నీళ్లు తాగి వంగిన నడుము. ఆ కథ మాంగా, అంటే జపాన్ బొమ్మల కథ పుస్తకాలు, ఏడు భాగాలట, రేటు చూస్తే గుండె గుభేలుమంది. కొనాలా?

పాత పేజీలు: కొను తమ్మీ. సినిమా 1984లో వచ్చింది. మాంగా మాత్రం 1982 నుంచి 1994 దాకా అనిమేజ్ పత్రికలో ఆగుతూ సాగుతూ నడిచింది. సినిమాలో ఉన్నది మొదటి రెండు భాగాల కథే, అదీ మార్చి తీసిండు. ఆ అడవి అసలు ఎట్ల పుట్టిందో చివర్లో తెలుస్తుంది. నేను చెప్ప, చెప్తే తిడతవ్.

దేవరకొండ టీచరమ్మ: జపాన్‌లో మినమాటా సముద్రంలో ఫ్యాక్టరీ పాదరసం కలిసిన సంగతి ఈ కథకు ఒక ప్రేరణ. మనది వేరే గోస. సినిమాలో లోతు నీళ్లు మంచివి, మన దగ్గర బోరు వేస్తే ఫ్లోరైడ్. మన రాయిలోనే ఉందది, ఏ ఫ్యాక్టరీని తిట్టాలి?

మునుగోడు పోరడు: సరే మేడం. మొదటి రెండూ కొంటా. మిగతావి నల్లగొండలో ఎవరి దగ్గరన్నా ఉంటే చెప్పండి, అట్టలు నలగకుండా చదివి ఇస్తా.