జూన్ 20 పిల్లల క్లాసు: ఎవరు ఏ పని చూసుకుంటారు?

పిల్లల కమిటీ కోఆర్డినేటర్:
అందరికీ నమస్కారం. ఇక్కడ అలబామాలోని హంట్స్‌విల్‌లో మన తెలుగువాళ్ళు జరిపే యోగా దినోత్సవానికి ఈసారి కేజీ నుంచి రెండో గ్రేడు దాకా చదివే పిల్లలకి విడిగా ఒక మైండ్‌ఫుల్ మూవ్‌మెంట్ క్లాసు, అంటే ఒంటినీ ఊపిరినీ గమనించుకుంటూ కదిలే క్లాసు, పెడదామనుకున్నాం కదా, ఆ పనులన్నీ ఇక్కడే మాట్లాడుకుందాం. వాట్సాప్‌లో ఏం రాసినా గుడ్ మార్నింగ్ ఫొటోల కింద పడి కనిపించకుండా పోతోంది.

ముందు తేదీ. 2026లో జూన్ 21 ఆదివారం వచ్చింది, అదే రోజు ఫాదర్స్ డే. 19 శుక్రవారం జూన్‌టీన్త్ (అమెరికాలో బానిసత్వం అంతమైన గుర్తుగా జరిపే రోజు) సెలవు, గల్ఫ్ షోర్స్ బీచ్‌కి పోయేవాళ్ళు ఎలాగూ పోతారు. ఊళ్ళో మిగిలినవాళ్ళయినా రావాలంటే 20 శనివారం పొద్దున 9:30 నయం. పార్కులో పెడదామని ఎవరికైనా ఉంటే ఇప్పుడే మానుకోండి. జూన్‌లో హంట్స్‌విల్ ఉక్క బెజవాడకి ఏమీ తీసిపోదు. స్కూల్ క్యాఫెటేరియా అడుగుతున్నాం, ఏసీ ఉంటుంది.

పిల్లలు 20 మంది, టైమ్ 35 నిమిషాలు. ఈ రెండూ పెంచమని దయచేసి అడగొద్దు. ఇంకో మాట ముందే చెప్పేస్తున్నా: ఇది స్టేజీ ఐటమ్ కాదు.

కల్చరల్ కమిటీ:
అక్కా, ప్లాన్ బాగుంది. కాకపోతే సాయంత్రం ప్రోగ్రాంలో పది నిమిషాలు ఖాళీగా ఉన్నాయి. ఈ పిల్లలతోనే సూర్య నమస్కారాలు, ఆ 12 భంగిమలు, తెల్ల టీషర్టులేసి వేయిస్తే ఎంత ముద్దుగా ఉంటుందో! స్పాన్సర్లు కూడా అడుగుతున్నారు. పిల్లలు ఎక్కితే పేరెంట్స్ హాలు నింపేస్తారు, ఆ సంగతి నీకూ తెలుసు.

కోఆర్డినేటర్:
తెలుసు తమ్ముడూ, అందుకే వద్దంటున్నా. ఆ పది నిమిషాలు మిడిల్ స్కూల్ పిల్లలకివ్వు, వాళ్ళు సరదాగా చేస్తారు. ఆరేళ్ళ పిల్లని స్టేజీ ఎక్కిస్తే దాని కళ్ళు అమ్మ ఫోన్ ఎక్కడుందా అని వెతుకుతుంటాయి. కాలు నేలకి ఎలా ఆనింది, ఊపిరి ఎలా ఆడుతోంది అని చూసుకోవడం నేర్పాలని మనం క్లాసు పెడుతున్నాం. రిహార్సల్ అన్నాక "చెయ్యి ఇంకా పైకి, నవ్వు, నవ్వు" అని మనమే అరుస్తాం. ఇంక మనవాళ్ళకి ప్రతిదానికీ ఒక చీఫ్ గెస్టు, ఒక శాలువా. ఈ 35 నిమిషాలకి అవేవీ వద్దు, సర్టిఫికెట్లు కూడా వద్దు.

క్లాసు చెప్పే వాలంటీర్:
నేను అక్కతోనే. ఏం చేయిస్తానో రాస్తున్నా, అభ్యంతరాలుంటే ఇప్పుడే చెప్పండి.

మొదట రాకెట్. ఐ-565 హైవే మీద పోతుంటే, మనుషుల్ని చంద్రుడి దగ్గరికి పంపిన శాటర్న్ 5 రాకెట్ నమూనా నిలబెట్టి కనిపిస్తూనే ఉంటుంది, 363 అడుగుల ఎత్తు, మన ఊరి పిల్లలకి దాని గురించి చెప్పక్కర్లేదు. నిటారుగా నిలబడి పది నుంచి సున్నా దాకా తెలుగులో వెనక్కి లెక్కపెడతాం, ఒక్కో అంకెకి మోకాళ్ళు కొంచెం కొంచెం వంచుతూ కిందికి దిగాలి. మూడు దగ్గరికి వచ్చేసరికి తొడలు వణకడం మొదలెడతాయి. అక్కడ ఒక్క క్షణం ఆపి "ఎక్కడ మంటగా ఉంది? వేలు పెట్టి చూపించండి" అంటాను. సున్నాకి ఎగరడం. అసలు పాఠం ఆ వేలు పెట్టి చూపించడంలోనే ఉంది, మిగతాది ఆట.

తర్వాత కబడ్డీ కూత. పట్టుకోవడాలు, లాగడాలు ఉండవు. ఈ గీత నుంచి ఆ గీత దాకా ఒకే ఊపిరితో కూత పెడుతూ నడవాలి, ఊపిరి అయిపోయిన చోట కూర్చోవాలి, ఎవరూ అవుట్ కారు. "నెమ్మదిగా ఊపిరి వదలమ్మా" అంటే ఈ వయసు వాళ్ళు ఎవరూ వినరు. కూత పెట్టమంటే అదే పని గొంతెత్తి చేస్తారు. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది కాబట్టి, రెండో రౌండు తర్వాత ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని చూడమంటాను.

ఆ తర్వాత ఒప్పులకుప్ప. ఇద్దరిద్దరు చేతులు పట్టుకుని తిరిగి, నేను చప్పట్లు కొట్టగానే ఆగి కింద కూర్చోవాలి. అప్పుడు మాట్లాడకుండా గది తిరగడం ఎప్పుడు ఆగుతుందో చూడాలి. మనం ఆగినా లోపలి చెవిలో ఉండే ద్రవం ఇంకా కాసేపు కదులుతూనే ఉంటుంది, అందుకే కళ్ళు తిరుగుతాయి. ఈ సంగతి చెబితే పిల్లలు నోరు తెరుచుకుని వింటారు. కళ్ళు మూసుకుని కూర్చోమంటే కదలకుండా ఉండనివాళ్ళు, ఇందులో తమంతట తామే కదలకుండా కూర్చుంటారు.

తొక్కుడుబిళ్ళలో ఒంటికాలి గెంతు నుంచి చెట్టు ఆసనం, తుమ్మెదలా "మ్..." అంటూ భ్రామరి, ఆఖర్న వెల్లకిలా పడుకుని పొట్ట మీద మెత్తని బొమ్మ పెట్టుకుని అది పైకీ కిందికీ కదలడం చూడటం. అంతే.

చేయించనివి కూడా చెప్తాను. శీర్షాసనం, సర్వాంగాసనం లేవు, మెడ మీద బరువు పడేది ఏదీ లేదు. కపాలభాతి (ఊపిరిని వేగంగా బయటికి కొట్టడం), ఊపిరి బిగబట్టడం లేవు. కళ్ళు మూసుకోమని బలవంతం లేదు. నేను గానీ హెల్పర్లు గానీ పిల్లల కాలో చెయ్యో లాగి సరిచేయం.

ఒక అమ్మ:
మావాడికి గట్టి చప్పుళ్ళు పడవండీ, ఎవరైనా ముట్టుకున్నా చిరాకు. ఒప్పులకుప్ప అంటే ఏడుస్తాడేమోనని టెన్షన్‌గా ఉంది. రిజిస్టర్ చేయనా వద్దా?

క్లాసు చెప్పే వాలంటీర్:
తప్పకుండా తీసుకురండి. తలుపు పక్కన గోడ దగ్గర ఒక మ్యాట్ బాబు కోసం ఉంచుతాను. చూస్తూ కూర్చున్నా క్లాసులో ఉన్నట్టే. ఒంటరిగా తిరుగుతానంటే తిరగొచ్చు. మీరు బయట కుర్చీలో ఉండండి, రావాలనిపిస్తే మీ దగ్గరికి వచ్చేస్తాడు.

ఒక నాన్న:
ఒక డౌట్. అలబామా స్కూళ్ళలో యోగా మీద నిషేధం ఉండేదని విన్నాను. స్కూల్ క్యాఫెటేరియాలో పెడితే రేపు ఏదైనా గొడవ అవుతుందా?

హాలు పని చూసే వాలంటీర్:
అన్నా, ఉండేది. 1993లో స్టేట్ బోర్డ్ ఆఫ్ ఎడ్యుకేషన్ పెట్టింది. 2021లో కొత్త చట్టం వచ్చి దాన్ని సడలించింది. బడిలో ఆసనాలు నేర్పొచ్చు గానీ వాటికి ఇంగ్లీషు పేర్లే వాడాలి, మంత్రాలు, ముద్రలు కుదరవు, చివరికి నమస్తే అనడం కూడా కుదరదు, తల్లిదండ్రుల సంతకం ఉండాలి. అయితే అదంతా బడివాళ్ళు తమ విద్యార్థులకి చెప్పే క్లాసు సంగతి. మనం సెలవుల్లో హాలు అద్దెకి తీసుకుంటున్నాం. అయినా దాపరికం ఎందుకని అద్దె ఫారంలో "పిల్లల యోగా, ఆటలు" అనే రాశాను. ఇన్సూరెన్స్ సర్టిఫికెట్‌లో స్కూల్ డిస్ట్రిక్ట్ పేరు అడిషనల్ ఇన్స్యూర్డ్‌గా, అంటే మన బీమా వాళ్ళకీ వర్తించేలా, పెట్టమన్నారు, ట్రెజరర్ గారు ఈ వారంలో తెప్పిస్తే చాలు.

హాలు గురించి ఒకటి. బెంచీలతో కలిసి మడతపడే ఆ చక్రాల టేబుళ్ళు పిల్లలు తోసి ఆడతారు, వేళ్ళు నలుగుతాయి. అన్నీ ఒక గోడకి చేర్చి, ముందు కుర్చీలు అడ్డం పెట్టిస్తాను. నేల టైల్స్, సాక్సులతో గెంతితే జారతారు, కాబట్టి అందరూ ఒట్టి కాళ్ళతోనే. ముందురోజు తుడిచినా జ్యూస్ జిగురు ఉండిపోతుంది, పొద్దున 8:30కి ఇద్దరు మాప్ పట్టుకోవాలి. ఒక్కో మ్యాట్‌కి చుట్టూ ఖాళీతో కలిపి 5 అడుగులు బై 7 అడుగులు వేసుకుంటే 20 మందికి 700 చదరపు అడుగులు. గీతలకీ ఒప్పులకుప్పకీ ఇంకో సగం వదిలినా సరిపోతుంది.

రిజిస్ట్రేషన్ డెస్క్:
మా అమ్మ గుంటూరు నుంచి వచ్చింది, ఆగస్టు దాకా ఇక్కడే ఉంటుంది. ఇదంతా చదివి వినిపిస్తే "తొక్కుడుబిళ్ళ గళ్ళు మీకెవరికీ గీయడం రాదు, నేను గీస్తా" అంటోంది. కూత కూడా తనే నేర్పుతుందట. పెద్దవాళ్ళు ఇంకొందరు ఇళ్ళలో టీవీ ముందు కూర్చుని బోర్ కొడుతోందంటున్నారు, పిలవమంటారా?

కోఆర్డినేటర్:
పిలవకపోతే ఎలా! పెద్దమ్మకి నా నమస్కారాలు చెప్పు. సుద్దముక్క వద్దు, పెయింటర్స్ టేప్ కొని ఇస్తాను, ఊడదీస్తే మరక ఉండదు. నలుగురైదుగురు పెద్దవాళ్ళు వస్తే ఒక్కో మూలకి ఒకరు. ఒంగాల్సిన అవసరం లేకుండా కుర్చీలు వేయిద్దాం.

రిజిస్ట్రేషన్ ఫారంలో ఇవి కలుపు: ఆస్తమా ఉందా, ఉంటే ఇన్‌హేలర్ ఎవరి దగ్గర ఉంటుంది, మెడకి గానీ ఎముకలకి గానీ సమస్య ఉందా, ఏ తిండి పడదు, ఫొటోకి ఒప్పుకుంటారా. కింద సంతకం. పిల్లలతో లోపల ఉండే ప్రతి వాలంటీరూ బ్యాక్‌గ్రౌండ్ చెక్ పూర్తిచేసి ఉండాలి. బాత్‌రూమ్‌కి తీసుకెళ్ళినా ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్ళు ఉండాలి. ఇందులో మొహమాటాలు లేవు.

ఫుడ్ కమిటీ:
క్లాసవగానే పల్లీ చిక్కీ, పులిహోర పెడదామా వదినా?

కోఆర్డినేటర్:
పల్లీలు అసలొద్దు, ఎవరికి ఎలర్జీ ఉందో ఫారాలు వచ్చేదాకా తెలీదు. పులిహోరలో కూడా అవే వేస్తారు. అరటిపళ్ళు, నీళ్ళు చాలు, మధ్యాహ్నం ఎలాగూ భోజనాలున్నాయి.

ఇంకా మిగిలినవి: మెత్తని బొమ్మలు మర్చిపోయి వచ్చేవాళ్ళ కోసం ఓ పది అదనంగా కావాలి, మీ ఇళ్ళలో ఉన్నవి ఉతికి తెండి. మ్యాట్లు తేవడానికి మినీవ్యాన్ ఉన్నవాళ్ళు ఒకరు. తలుపు దగ్గర ఇద్దరు నాన్నలు, లోపలికి ఫోన్ చాచి వీడియో తీయబోయేవాళ్ళని ఆపడానికి. ఆఖరి ఐదు నిమిషాల్లో పిలిస్తేనే పేరెంట్స్ లోపలికి. గట్టిగా "వద్దండీ" అనగలిగినవాళ్ళే చేతులెత్తండి.

ఒక నాన్న:
తలుపు నాకివ్వండి. మినీవ్యాన్ కూడా ఉంది. ముందు మా ఆవిడనే ఆపాల్సి వస్తుంది, ఇంకొకాయన తోడుంటే మంచిది.