సుస్సీత చర్చి స్తంభాలు కూలింది భూకంపానికేనని ఎలా చెప్పగలం?

ప్రశ్న:
గలిలయ సముద్రానికి తూర్పున, నీటిమట్టానికి దాదాపు 350 మీటర్ల ఎత్తున కొండమీద ఉన్న సుస్సీత అనే ప్రాచీన నగర శిథిలాలలో, బైజాంటైన్ కాలపు ప్రధాన చర్చి గ్రానైట్ స్తంభాలు ఒకే దిక్కుకు, ఒకదాని పక్కన ఒకటి పడి ఉన్నాయి. దీనికి క్రీ.శ. 749 నాటి భూకంపమే కారణమంటారు. ఎవరో కూల్చినవి కావని, ఆలనాపాలనా లేక కూలినవి కావని దేనిని బట్టి చెబుతున్నారు?

జవాబు 1:
రాయి కోసం కూల్చినవాళ్లు ఆ రాయిని పట్టుకుపోతారు. ఇక్కడ ఏకశిలా స్తంభాలు పీఠాల పక్కనే ఉన్నాయి. పాడుబడిన కట్టడమైతే విడతలు విడతలుగా కూలుతుంది, ఒక్కో విడతకూ నడుమ మట్టి పేరుకుంటుంది. పునాది కుంగితే ఒకటో రెండో స్తంభాలు తలో దిక్కుకు ఒరుగుతాయే గాని వరుస అంతా ఒక్క తీరున పడదు. అందుకే భూకంపమనడం సబబుగానే ఉంది.

జవాబు 2:
పై జవాబుతో ఏకీభవిస్తున్నాను, కాని ఒక హెచ్చరిక అవసరం. స్తంభాలు పడిన దిక్కునే భూమి ఊగిన దిక్కుగా తీసుకోవడం పాత అలవాటు. కంప్యూటర్ నమూనాలతో పరీక్షించినప్పుడు, కదలికలో గాని స్తంభం కొలతలో గాని స్వల్పమైన తేడా వచ్చినా పడే దిక్కు మారిపోతుందని తేలింది. పైగా చర్చిలో స్తంభాలు విడిగా నిలబడవు. పైనున్న కట్టడం, కప్పు వాటిని కలిపి పట్టి ఉంచుతాయి కనుక, అవి ఒరిగిన వైపుకే స్తంభాలూ పోవచ్చు. సమాంతరంగా పడటం ఒక్కసారిగా కూలిందనడానికి బలమైన ఆధారమే, కాని భూకంప కేంద్రం ఎటు ఉందో అది చెప్పదు.

జవాబు 3:
ఇక కాలనిర్ణయం సంగతి. ఈ చర్చి బాప్తిస్మశాలలోని శాసనం 591 నాటిది కాబట్టి, అదే నగరాన్ని దెబ్బతీసిన 363 భూకంపాన్ని ఇక్కడ పక్కన పెట్టవచ్చు. 749 విషయంలో పాత చరిత్రకారులు చెప్పిన సంవత్సరాలు ఒకదానితో ఒకటి పొసగవు. ఆ చిక్కు విడదీసింది సుమారు 30 కిలోమీటర్ల దక్షిణాన ఉన్న పాత నగరం బేత్ షెయాన్‌లో, కూలిన అంగళ్ల శిథిలాల కింద దొరికిన బంగారు దీనారం. దానిమీద హిజ్రీ (ఇస్లామీయ పంచాంగం) 131 అని ఉంది. ఆ సంవత్సరం 748 ఆగస్టు చివర మొదలైంది కాబట్టి కూలడం అంతకు ముందు జరిగి ఉండదు. సుస్సీతను ఆ తరువాత మళ్లీ కట్టుకోలేదు. స్తంభాలను లేపి నిలబెట్టే అవసరం ఎవరికీ రాలేదు గనుకనే, 1950ల తవ్వకాలలో అవి పడినవి పడినట్టే బయటపడ్డాయి.