అప్‌డేట్: రిలీజ్ ట్యాగ్‌లకు సంతకం మొదలుపెట్టాను

నా చిన్న ఓపెన్ సోర్స్ లైబ్రరీలో రిలీజ్ ట్యాగ్‌లకు (కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్ టూల్‌లో ఒక్కో వెర్షన్‌కి పెట్టే గుర్తులు) డిజిటల్ సంతకం చేయాలా, వృథా శ్రమా అని అప్పుడు అడిగాను కదా, చివరికి చేశాను.

సంతకాలకు వాడే జీపీజీ అనే ఎన్‌క్రిప్షన్ టూల్, దాని కీల గోల అంటేనే నాకు టెన్షన్, అందుకే ఇన్నాళ్లూ వాయిదా వేశాను. కానీ 2021లో వచ్చిన గిట్ 2.34 నుంచి సర్వర్లలోకి లాగిన్ అవడానికి వాడే ఎస్ఎస్‌హెచ్ కీతోనే సంతకం చేయొచ్చని మీలో ఒకరు చెప్పారు. సెటప్‌కి పది నిమిషాలు కూడా పట్టలేదు. తిప్పలంతా సరిచూసే వైపే వచ్చింది: ఏ కీ ఎవరిదో చెప్పే అలౌడ్ సైనర్స్ ఫైల్ లేకపోతే మన సంతకాన్ని మన గిట్టే నమ్మదు, పైగా ఆ ఫైల్‌ని కోడ్ ఉండే అదే రిపోలో పెడితే, రిపోలోకి చొరబడినవాడు దాన్నీ మార్చేస్తాడు. అందుకే సంతకాన్ని సరిచూసే పబ్లిక్ కీని ప్రాజెక్ట్ వెబ్‌సైట్‌లో విడిగా పెట్టాను.

ప్రతి కమిట్‌కీ (గిట్‌లో సేవ్ చేసే ఒక్కో మార్పుకీ) సంతకం చేయడం లేదు, ఓపిక లేదు. ట్యాగ్ తన కమిట్ హాష్‌ని (కోడ్ నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి కోడ్) పట్టుకుంటుంది, ఆ లెక్కలో వెనకటి చరిత్రంతా ఉంటుంది, నాకది చాలు.

"సంతకం ఉంటే కోడ్ మంచిదైపోతుందా?" అన్నవారికి: కాదు, ఒప్పుకుంటాను. 2024లో ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ టూల్‌లో బ్యాక్‌డోర్ (దొంగదారి) పెట్టింది దాన్ని చూసుకునే మెయింటెయినరే కదా. నేను ఆపాలనుకున్నది వేరే, నా ఖాతా కొట్టేసి సంతకం చేసిన ట్యాగ్‌ని వేరే కమిట్‌కి జరిపేవాడిని.

ఇంతకుముందు పెట్టిన పాత ట్యాగ్‌లను మాత్రం ముట్టుకోలేదు, వాటికి సంతకం లేదు.