ఫ్రీ పోకర్ రూముల్లో ఆడితే ఆట వస్తుందా, ఉత్త టైంపాసేనా?

నిజాంపేట కుర్రాడు:
మా పీజీలో రాత్రి అన్నాలయ్యాక సగం మంది ఫోన్లలో పోకరే. రూపాయి పెట్టే పని లేదు, ఉత్తుత్తి చిప్స్. ఇంట్లో రమ్మీ చూస్తూ పెరిగినవాణ్ణే గానీ పోకర్ నాకు కొత్త. వీటిల్లో ఆడితే నిజంగా నేర్చుకోవచ్చా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

మలక్‌పేట మామ:
రూల్స్ రెండు రాత్రుల్లో వచ్చేస్తాయి బాబూ. చేతిలో రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ కలిపి ఐదు, వాటిలోంచి మంచి ఐదు ఏరుకోవడం. ఫ్లష్ (ఐదూ ఒకే గుర్తు) పెద్దదా, స్ట్రెయిట్ (ఐదూ వరుస ముక్కలు) పెద్దదా అన్న తికమక పోవడానికి ఫ్రీ రూమును మించింది లేదు. అయితే ఆట రావడం వేరు. అక్కడ ఎవడూ ఫోల్డ్ చెయ్యడు, అంటే ముక్కలు పారేసి తప్పుకోడు. పోయేది ఏమీ లేనప్పుడు ఎందుకు చేస్తాడు?

గచ్చిబౌలి నైట్‌షిఫ్ట్:
జనం ఎక్కువ కావడానికి చట్టం కూడా కారణమే. తెలంగాణలో 2017లోనే ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడటం నిషేధించారు, రమ్మీతో సహా. లొకేషన్ హైదరాబాద్ అని కనిపిస్తే పెద్ద యాప్‌లు డబ్బు టేబుళ్లు తెరిచేవి కావు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టంతో దేశమంతటా అదే పరిస్థితి. పందెం లేని సోషల్ గేమ్‌లను ఆ చట్టం వేరుగా చూసింది. అందుకే పాత ఆటగాళ్లు కూడా ఇప్పుడు ఉత్తుత్తి చిప్స్‌కు వచ్చి కూర్చుంటున్నారు. టేబుల్ మీద వాళ్లను ఇట్టే పట్టేయొచ్చు, పది హ్యాండ్స్‌లో ఎనిమిది పారేస్తారు.

ఇస్పేటు రాణి:
మామగారు చెప్పింది నిజమే, ఉన్న చిప్స్ అన్నీ ఒకేసారి పెట్టేసే ఆ ఆల్-ఇన్ గోల వల్ల లెక్కలే మారిపోతాయి. ఆసుల జత ఒక్కడి మీద అయితే సుమారు 85 శాతం గెలుస్తుంది. అదే ఐదుగురు ఏ ముక్కలు పడితే ఆ ముక్కలతో ఆల్-ఇన్ కొడితే సగానికి దిగిపోతుంది. కొత్తవాళ్లు అప్పుడు "ఈ యాప్ మోసం" అంటారు. మోసం కాదు, అది లెక్క.

అయినా నేను ఫ్రీ రూముల్లోనే నేర్చుకున్నాను. ఒక్క పద్ధతి పెట్టుకున్నాను: కాల్ (ఎదుటివాడు వేసినంత నేనూ వేయడం) నొక్కేముందు గెలిచే శాతం లెక్కేయడం. బల్ల మీద నాలుగు ముక్కలు పడ్డాయి, చేతిలోవీ అవీ కలిపి నాకు నాలుగు ఆఠీన్లు ఉన్నాయి, ఇంకొక్కటి పడితే ఫ్లష్ అనుకోండి. కనిపించని ముక్కలు 46, వాటిలో ఆఠీన్లు 9. అంటే దాదాపు 20 శాతం. పాట్‌లో (మధ్యలో పోగైన చిప్స్) 100 ఉంటే ఎదుటివాడు 50 వేశాడు. నాదీ కలిపితే 200 అయ్యే పాట్ కోసం నేను 50 పెట్టాలి, అంటే కనీసం 25 శాతం అవకాశం ఉండాలి. లేదు, కాబట్టి ఫోల్డ్. తగిలితే వాడి దగ్గర ఇంకా లాగగలను అనిపిస్తే మాత్రం ఆలోచిస్తా. చిప్స్ ఉత్తుత్తివే గానీ ఈ లెక్క ఉత్తుత్తిది కాదు.

దిల్‌సుఖ్‌నగర్ అన్న:
అంతా ఫ్రీ అనుకోకండి. చిప్స్ అయిపోగానే "కేవలం 89 రూపాయలకే ఇన్ని కోట్ల చిప్స్" అని తెర మీదికి వస్తుంది. కొన్నారంటే ఆ డబ్బు పోయినట్టే, చిప్స్‌ను తిరిగి రూపాయలు చేసుకునే దారి ఉండదు. మా తమ్ముడికి టెలిగ్రామ్‌లో ఒకడు చిప్స్ చవగ్గా ఇస్తానన్నాడు. యూపీఐలో డబ్బు పడగానే బ్లాక్ చేశాడు. వీడేమో ఇంట్లో చెప్పలేడు, బయట చెప్పలేడు. యాప్ బయట ఎవరు చిప్స్ అమ్ముతామన్నా నమ్మొద్దు.

నిజాంపేట కుర్రాడు:
థాంక్స్ అన్నా. మావాడొకడు "ఫ్రీగా మొదలుపెట్టి కోట్లు కొట్టినవాళ్లున్నారు" అంటున్నాడు.

మలక్‌పేట మామ:
క్రిస్ మనీమేకర్ సంగతి అయ్యుంటుంది. అమెరికాలో అకౌంటెంట్. ఆన్‌లైన్‌లో కొద్దిపాటి ఫీజు కట్టి ఒక టోర్నీ నెగ్గి, దాంతో 2003లో వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ అనే పెద్ద టోర్నీకి వెళ్లి 25 లక్షల డాలర్లు గెలిచాడు. 839 మందిలో ఒక్కడు. మిగతా 838 మంది గురించి మీవాణ్ణి అడుగు!

ఇంకో ముచ్చట. రమ్మీలో నేర్పే ముఖ్యమని సుప్రీంకోర్టు 1968లో చెప్పింది సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్ కేసులోనే. మూడు ముక్కలాటను మాత్రం ఉత్త అదృష్టం కిందే లెక్కేసింది. మన జంటనగరాల పేకాటకు అంత చరిత్ర ఉంది మరి.

ఇస్పేటు రాణి:
కుర్రాడు గారూ, ముక్కూమొహం తెలియనివాళ్లతో కన్నా మీ పీజీవాళ్లే ప్రైవేట్ టేబుల్ పెట్టుకోండి. లింక్ పంపితే బ్రౌజర్‌లోనే ఆడే సైట్లున్నాయి. అందరికీ సమానంగా చిప్స్, అయిపోయినవాడు ఆ రాత్రికి బయటే, మళ్లీ నింపేది లేదు. ఈ ఒక్క రూలుతో జనం ఫోల్డ్ చేయడం మొదలుపెడతారు. బ్లైండ్స్ (ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా వేసే చిప్స్) పావుగంటకోసారి పెంచండి, లేకపోతే తెల్లారినా తేలదు.

గచ్చిబౌలి నైట్‌షిఫ్ట్:
మేం ఆఫీసు ఫ్రెండ్స్ అలాగే ఆడుతున్నాం. ఓడినవాడు మరుసటి రోజు అందరికీ ఇరానీ చాయ్ తాగించాలన్నాం, ఒక్కసారిగా అందరూ సీరియస్ అయిపోయారు.

దిల్‌సుఖ్‌నగర్ అన్న:
చాయ్ కూడా పందెమే కదా భాయ్ 😄 ఎవరికి వారు తాగండి.