తడి, పొడి వేరు చేసి ఇచ్చినా చెత్త బండిలో కలిపేస్తన్నారు, ఏం చెయ్యాలండి?

కాలవగట్టు_ఇల్లు:
నమస్తే అండి. మాది డెల్టాలో కాలవ గట్టు మీద వీధి, ముప్పై పైచిలుకు ఇళ్ళు. తడి చెత్త బకెట్లో, పొడిది గోనె సంచిలో వేసుకుని విజిల్ వినపడగానే పట్టుకెళ్తాను, బండి అబ్బాయి రెండూ ఒక్కదాంట్లోనే కుమ్మరించేస్తాడు. అడిగితే బండిలో తడికీ పొడికీ మధ్య అడ్డుగా ఉండే రేకు ఊడిపోయి చాన్నాళ్ళయిందమ్మా అన్నాడు. అది చూసి పక్కింటి పిన్నిగారు వేరు చెయ్యడం మానేశారు, బండొచ్చే టైముకి డ్యూటీకెళ్ళిపోయేవాళ్ళయితే రాత్రిపూట కవర్లో కట్టి కాలవలోకి విసిరేస్తన్నారు. దాళ్వా (రెండో వరి పంట) అయ్యాక కాలవకి నీళ్ళు కట్టేసినప్పుడు చూడాలండి, బురదలో డైపర్లు, పాల పాకెట్లు, ముడేసిన పూజ పూల కవర్లు. ఆ కాలవ నీళ్ళే కదా చెరువుకెక్కించి మనం తాగేది. నాకైతే ఏడుపొచ్చింది. ఎక్కడ మొదలెట్టాలి?

శనివారం_సంచి:
మా వీధిలోనూ ఇదేనండి. మేం బండి అబ్బాయితో గొడవ పడలేదు, టీ ఇచ్చి కూర్చోబెట్టి అడిగాం. అట్టపెట్టెలు, సీసాలు అతను పాత సామాన్ల కొట్లో అమ్ముకుంటాడంట, కూర నీళ్ళు అంటితే అక్కడ తీసుకోరంట. అంటే పొడిది శుభ్రంగా ఇస్తే అతనికే నాలుగు డబ్బులు. బండికి పక్కన కట్టుకోడానికి రెండు పెద్ద గోనెలు మేమే కొనిచ్చాం. పొడి చెత్త కంపు కొట్టదు కాబట్టి రోజూ ఇవ్వక్కర్లేదు, శనివారం ఒక్కరోజే ఇస్తాం. పాల పాకెట్ మాత్రం కడిగి ఆరేసి ఇవ్వాలి, అక్కడే చాలామంది బద్ధకిస్తారు.

వార్డు_మనిషి:
పైవాళ్ళు చెప్పింది బానే ఉంది గానీ రేకు వేయించే పని మాత్రం వదలకండి. వేరు చేసి ఇవ్వడం మన బాధ్యత, వేరుగానే తీసుకెళ్ళడం మున్సిపాలిటీ బాధ్యత, 2016 నాటి ఘన వ్యర్థాల రూల్స్ నించీ ఉన్నదే. 2021 అక్టోబర్ 2న మొదలైన క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమంలో ఇచ్చిన ఆకుపచ్చ, నీలం, ఎరుపు డబ్బాలు అందుకే, ఎర్రదాంట్లో ట్యూబులైట్లు, బ్యాటరీలు, పాత మందులు. 2024లో చెత్త పన్ను రద్దన్నారు కదా అని కొందరు ఇంక అడగలేం అనుకుంటన్నారు, అది తప్పు. వార్డు సచివాలయంలో శానిటేషన్ సెక్రటరీకి వీధంతా సంతకాలు పెట్టి అర్జీ ఇవ్వండి, డ్యూటీలకెళ్ళేవాళ్ళ కోసం సాయంత్రం ఒక ట్రిప్పు కూడా అడగండి. ప్యాడ్లు, డైపర్లు పేపర్లో చుట్టి విడిగా ఇవ్వండి, అవి చేత్తో ఏరేది కూడా ఒక మనిషేనండి.

కొబ్బరిపొట్టు:
తడి చెత్త అసలు గేటు దాటకపోతే సగం బాధ తీరిపోద్ది. కానీ గొయ్యి మాత్రం తియ్యొద్దండోయ్. నేను పెరట్లో రెండడుగులు తవ్వాను, వర్షాల్లో కింద నించి ఊటొచ్చి నిండిపోయి పురుగులు, కంపు, మా అత్తగారు రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. మన నేలకి పైన పెట్టాల్సిందే. పాత పెయింటు డ్రమ్ముకి చుట్టూ, అడుగున చిల్లులు పెట్టి ఇటికల మీద ఎత్తాను, బకెట్ తొక్కలు వేసినప్పుడల్లా పైన కొబ్బరి పొట్టు గుప్పిళ్ళతో చల్లుతాను. పిడికిట్లో పిసికితే చెయ్యి తడవాలి, నీళ్ళు కారకూడదు. కారితే ఇంకాస్త పొట్టు, అంతే. రెండు మూడు నెలలకి నల్లగా మట్టి వాసనొస్తది. చేప, రొయ్య తొక్కలు వెయ్యకండి, పిల్లులు పడగొట్టేస్తాయి, అవి బండికే.

కాలవగట్టు_ఇల్లు:
చాలా థాంక్సండి అందరికీ. అర్జీ రాశాను, ఇప్పటికి పదకొండు సంతకాలయ్యాయి. పీచు మిల్లు నించి రెండు బస్తాల పొట్టు తెప్పిస్తన్నాం. పిన్నిగారు డ్రమ్ము కడిగి రెడీగా పెట్టుకున్నారు, చిల్లులు ఎంతెంత ఎడంలో పెట్టాలని అడుగుతున్నారు, కొంచెం చెప్పరా?